రెండో గొంతు

పోయినవారం మనం వదినను పరుపుల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లతో, నోట్లో సగం బిస్కెట్టుతో వదిలేసి వచ్చాం. ఆ బిస్కెట్టు ఇంకా అక్కడే ఉంది. మింగడానికి ఆవిడకు వీలు చిక్కలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణానే హాల్లో ఆడపడుచు మైకు ముందు నిలబడి అనకూడని మాట అనేసింది.

"విరామం తర్వాత ఆఖరి పాట, తలుపు పాట. అందులో రెండో గొంతు ఎవరిదని మీరంతా ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. ఆ మనిషి ఇక్కడే ఉంది. ఇవాళ మీ ముందుకొచ్చి పాడుతుంది."

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. ఆ ఆడపడుచును లోకం గువ్వ అని పిలుస్తుంది. ఆమె పాట మోగని బస్సూ లేదు, కాలేజీ క్యాంటీనూ లేదు. అయితే ఆ పాటల్లో ఆమె గొంతు కంటే డ్రమ్ముల మోత ఎక్కువ, మిషన్ల మెరుగు ఎక్కువ. మిషను తీసేస్తే ఆ పిల్లకు గొంతే లేదని ఎవరో అన్నారు, పదిమందీ అందుకున్నారు. గువ్వకు రోషం వచ్చింది. ఒక గిటారు, ఒక గొంతు, ఒకప్పుడు పరుపులు కుట్టిన గోదాము, ఎదురుగా వందమందికి మించని జనం, ఆదివారం మధ్యాహ్నం. పాడింది పాడినట్టు రికార్డు చేసి బయట పెడతానంది. 'కోసేదీ లేదు, అతికించేదీ లేదు' అని టికెట్ల మీద కూడా అచ్చు వేయించింది. గిటారు వాయించేది ఆమె అన్న. పాత పరుపులు మిగిలిన పక్కగదిలో కూర్చుని రికార్డు చేసేది ఆ అన్న భార్య, అంటే మన వదిన.

కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. మొహంలో సగం కళ్లజోడే కాబట్టి అందరూ ఆయన్ను కళ్లజోడు గారనే అంటున్నారు. ఆయన షరతు ఒక్కటే. తలుపు పాట ఉంటేనే ఈ రికార్డు విడుదలవుతుంది, లేకపోతే ఇంతసేపూ పాడినవన్నీ బీరువాలోకి వెళతాయి. ఆ పాటకేమో రెండు గొంతులు కావాలి. గువ్వకున్నది ఒకటే.

రెండోది ఎవరిదో లోకంలో ఒక్క మనిషికే తెలుసని వదిన ఇన్నాళ్లూ నమ్ముకుంది. ఆ ఒక్క మనిషీ తనే.

అసలు జరిగింది ఇది. తలుపు పాట రికార్డు చేసిన రోజుల్లో స్టూడియో అంటే వాళ్ల పడకగదిలోని బట్టల బీరువా. చీరల మధ్య మైకు వేలాడదీసి, అందులో తల దూర్చి పాడేవాళ్లు. రెండో వరస ఎలా పట్టుకోవాలో గువ్వకు అంతుచిక్కకపోతే, ఇదిగో ఈ దారిన వెళ్లు అని వదినే పాడి పెట్టింది. అలా దారి చూపడానికి పాడే గొంతు అసలు గొంతు వచ్చేదాకానే ఉంటుంది, ఆ తర్వాత తీసేయాలి. మర్నాడు గువ్వ వచ్చి బుద్ధిగా పాడి వెళ్లింది. వదిన రెండింట్లో ఒకటి తీసేసి ఒకటి ఉంచింది. తీసేసింది గువ్వ గొంతును, ఉంచేసింది తన గొంతును. ఆ సంగతి ఆవిడకు తెలిసింది బస్సులో నిలబడి కూరగాయల సంచి పట్టుకుని ఉన్నప్పుడు, డ్రైవరు ఆ పాట పెట్టాక. అప్పటికే పాట చెయ్యి దాటిపోయింది.

నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ పాడమంటారు. వదిన నలుగురి ముందు పాడదు. చిన్నప్పుడు స్కూలు వేదిక మీద పాట మధ్యలో గొంతు ఆగిపోయి, తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయింది. జనం నవ్వారు. ఆ రోజే మైకుకు ఇవతల పక్క కాకుండా అవతల పక్క బతకాలని నిర్ణయించుకుంది. రికార్డిస్టు ఎందుకయ్యారని ఎవరైనా అడిగితే చెవులు మంచివని చెబుతుంది. అది అబద్ధం కాదు గాని, అసలు కారణం కూడా కాదు.

సరే, కథలోకి వద్దాం. తలుపు తోసుకుని గువ్వ వచ్చింది. వెనకాలే మెడలో గిటారుతో అన్న.

"నేను పాడను," అంది వదిన. బిస్కెట్టు అప్పుడు దిగింది.

"నేనింకా అడగనే లేదు వదినా."

"హాలంతా చాటింపు వేశాక ఇంక అడిగేదేముంది? అయినా ఎవరా మనిషి? నాకేం తెలీదు."

"సరే, నీకు తెలీదు. నాకు తెలుసు."

వదిన భర్త వైపు చూసింది. ఆయన గిటారు తీగలు శ్రుతి చేసే పనిలో మునిగిపోయాడు. ఆ తీగలు అప్పటికే శ్రుతిలో ఉన్నాయి.

"మీరు చెప్పారా?"

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాడాయన తల ఎత్తకుండా. "ఇన్నేళ్లు కాపురం చేశాం. బీరువాలో చీరలకు వినిపించావు గాని నాకు వినిపించలేదు."

ఆ మాటలో నిష్ఠూరం ఉంది, నవ్వు అంతకంటే ఎక్కువ ఉంది. వదిన హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంది.

గువ్వ పరుపుల చుట్ట మీద కూలబడింది. "రెండో చరణం అయ్యాక చిన్నగా ఒక ఈల వినిపిస్తుంది, గుర్తుందా? మన కుక్కరు. నేను పాడిన రోజు నువ్వు పొయ్యి వెలిగించనివ్వలేదు. అన్నయ్య ఆకలో అని అరిచినా వెలిగించనివ్వలేదు. మరి ఆ కుక్కరు ఎవరు పాడినప్పటిది?"

ప్రపంచంలోని చప్పుళ్లన్నీ ఏరిపారేసే చెవులు వదినవి. తన వంటింటి కుక్కరు మాత్రం ఆ చెవులకు ఏనాడూ చప్పుడులా అనిపించలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పాట వచ్చిన వారంలోనే."

"మరి ఒక్కసారి కూడా అనలేదేం?"

"అంటే నువ్వు సరిచేసేస్తావు కదా." గువ్వ గొంతు తగ్గించింది. "నీ సంగతి నాకు తెలుసు. పనిలో తప్పు దొర్లిందంటే నీకు అన్నం సయించదు. రాత్రికి రాత్రి నాది పెట్టి నీది తీసేసేదానివి. వదినా, నా గొంతు రెండుసార్లు వినడానికి ఎవరూ ఆ పాట వినలేదు. పక్కన ఇంకెవరో తోడు ఉన్నట్టు అనిపించే విన్నారు. నాకూ అలాగే అనిపించింది."

తప్పు అనుకుని గుండెల్లో దాచుకున్నదాన్ని ఎవరో తీసి, తుడిచి, ఇది బహుమతి అని చేతిలో పెడితే ఎలా ఉంటుందో వదినకు ఆ నిమిషాన తెలిసింది. సంతోషంతో కళ్లు నిండాయి. హాలు గుర్తొచ్చి భయమూ వేసింది. రెండూ ఒకేసారి జరిగే సరికి కుర్చీ పట్టుకుంది.

ఇంతలో కళ్లజోడు గారు తలుపు సందులోంచి తల పెట్టారు. "ఏమనుకోకండి, నేను విన్నాను. అమ్మగారికి ఇబ్బందైతే పాత రికార్డులోంచి రెండో గొంతు తీసి వెనకాల వేసేద్దాం. జనానికి తెలీదు."

"నాకు తెలుస్తుంది," అంది వదిన.

అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు, ఆవిడతో సహా. "టికెట్టు మీద ఏమని వేశామో చదివారా? అతికించేది లేదని వేశాం. నా రికార్డింగు బల్ల మీద అలాంటి పని జరగదు."

మాట అనేశాక గాని తను ఎక్కడ ఇరుక్కుందో ఆవిడకు అర్థం కాలేదు. గువ్వ మొహం వెలిగిపోయింది. భర్త తీగలు వదిలేసి తల ఎత్తాడు. పాత గొంతు వేయడానికి లేదు, పాట మానేయడానికి లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, అది హాల్లోకి వెళుతుంది.

"నేను అక్కడికొస్తే ఇక్కడ ఎవరు చూస్తారు?" చివరి ఆయుధం తీసింది వదిన. "లెవెళ్లు ఎవరు చూసుకుంటారు? చప్పుడు ఎక్కువై ఎర్ర దీపం వెలిగితే ఎవరు దించుతారు?"

"దానికంత రాద్ధాంతం ఏంటమ్మాయ్. నేను చూస్తా," అంది మూల నుంచి ఒక గొంతు.

అత్తగారు. పొద్దుటి నుంచి టీ ఫ్లాస్కుతో ఆ మూలే ఉంది. పాట జరుగుతున్నంతసేపూ హాలు కనిపించే చిన్న అద్దపు కిటికీలోంచి చూడడమే ఆవిడ పని. పాడే కూతుర్ని చూస్తోందనే అందరూ అనుకున్నారు. వదిన మాత్రం ఒకటి రెండుసార్లు గమనించింది, ఆవిడ చూపు వేదిక మీద కాదు, జనం మీద ఉంది.

"అత్తయ్యా, ఇది మిక్సీ కాదు."

"మిక్సీ అని నేనన్నానా? పచ్చ దీపమైతే ముట్టుకోకూడదు. ఎర్రదైతే నువ్వు అయ్యో అని ఈ మీట కిందికి లాగుతున్నావు. అయ్యో అనాలా, ఉత్తినే లాగితే సరిపోతుందా?"

"ఉత్తినే లాగితే చాలు," అంది వదిన ఓడిపోతూ.

ఒక్క పని మాత్రం కొత్తగా నేర్పాల్సి వచ్చింది. బల్ల మీద చిన్న మైకు, దాని పక్కన ఒక బొత్తం. పాటకు ముందు ఆ బొత్తం నొక్కి పాట పేరు చెప్పాలి. అది హాల్లో వినిపించదు, రికార్డులో మాత్రం పడుతుంది, తర్వాత వెతుక్కోవడానికి. చెప్పాక మళ్లీ నొక్కి ఆపేయాలి.

"నొక్కాలి, చెప్పాలి, నొక్కాలి," అంది అత్తగారు హెడ్‌ఫోన్లు జుట్టు ముడి మీంచి సర్దుకుంటూ. "వెళ్లు. పిల్ల ఎదురుచూస్తోంది."

హాల్లోకి అడుగు పెట్టగానే వదినకు ముందు కనిపించింది తలుపు. వేదిక కాదు, వీధి తలుపు. ఆ చూపు గమనించిన గువ్వ మైకులో నింపాదిగా అంది. "మా వదినకు ఎక్కడికీ వెళ్లే వీల్లేదు. పొద్దున ఫ్రిజ్ రొద రికార్డులో పడుతుందని ఆపేసింది. మళ్లీ వేయడం మర్చిపోకుండా స్కూటరు తాళాలు అందులో పెట్టింది. రికార్డిస్టులకు అదో అలవాటు. ఫ్రిజ్ మీ వెనకే ఉంది, కాస్త చూస్తూ ఉండండి."

జనం గొల్లుమన్నారు. చివరి వరసలో ఒకాయన లేచి నిజంగానే ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు. వదినకూ నవ్వు ఆగలేదు. చిన్నప్పటి నవ్వు తన మీద పడింది, ఇది తనతో కలిసింది. తేడా ఆవిడకు తెలిసింది. తలుపు మీంచి కళ్లు తిప్పుకుని వేదిక ఎక్కింది.

ముందు వరసలో మామగారు పక్కవాళ్లకు చెబుతున్నారు. "పల్లవి నాదేనండి. డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ పాడుకునేవాణ్ణి. మా అమ్మాయి పట్టేసింది." ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఈ మాట ఆయన చెప్పని మనిషి ఈ హాల్లో మిగిలి ఉంటే అది ఆ మనిషి అదృష్టం. రెండో వరసలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, ఒళ్లో గోధుమరంగు చేతిసంచి. అందరికంటే ముందు వచ్చింది ఆవిడే. ఇంతసేపూ ఏ పాటకూ చప్పట్లు కొట్టలేదు. అలాగని లేచి వెళ్లనూ లేదు.

గిటారు మొదలైంది. గువ్వ అందుకుంది.

*తలుపు దగ్గరగా వేశాను,*
*గడియ మాత్రం పెట్టలేదు.*

డ్రమ్ములు లేవు, మెరుగులు లేవు. గొంతులో సన్నటి జీర ఉంది, దాన్ని ఇన్నాళ్లూ మిషన్లు తుడిచేస్తూ వచ్చాయి. మిషను తీసేస్తే గొంతే లేదన్నవాళ్లు ఉంటే వినాల్సింది. రెండోసారి గడియ దగ్గర వదిన అందుకోవాలి. నోరు తెరిచింది. గొంతు రాలేదు. స్కూలు వేదిక, అదే మైకు, అదే తెరిచిన నోరు. భర్త కంగారు పడకుండా ఆ వరసే మళ్లీ చుట్టి వాయించాడు, పాట అలాగే కట్టారేమో అన్నంత సహజంగా. మళ్లీ అక్కడికి వచ్చింది. మళ్లీ రాలేదు.

గువ్వ మైకు నుంచి కాస్త పక్కకు జరిగి వదిన భుజం పట్టుకుంది. జనం వైపు నుంచి మెల్లగా పరుపుల గది అద్దం వైపు తిప్పింది.

"ఈ వరస నాకు రావట్లేదు వదినా," అంది చెవిలో. "దారి చూపించు."

ఆ రోజు బీరువా ముందు గువ్వ అడిగిన మాటే. అద్దంలో అత్తగారు ముడి మీద హెడ్‌ఫోన్లతో పచ్చ దీపం వైపు వేలు పెట్టి, అంతా బాగుంది అన్నట్టు తల ఊపింది. ఇది కచేరీ కాదు, పని. ఎవరికో దారి తెలియడం లేదు, చూపించాలి. పని అనుకున్నాక వదినకు భయం ఎక్కడిది? పాడింది.

రెండు గొంతులూ కలిసిన చోట హాలు ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో మామగారు కండువా కోసం వెతుక్కుని, లేదని గుర్తొచ్చి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నారు. చరణాల మధ్య గిటారు ఒక్కటే మోగినప్పుడు వదిన కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తను అద్దం వైపు లేదు. ఎప్పుడు తిరిగిందో గాని జనం వైపే నిలబడి పాడుతోంది. ఆఖరిసారి పల్లవికి జనమంతా అందుకున్నారు. పాట ముగిసింది. చప్పట్లు ఆగుతాయనుకున్న చోట ఆగలేదు.

గువ్వ వదినను కౌగిలించుకుని వదలలేదు. భర్త గిటారు పక్కన పెట్టి దగ్గరకొచ్చాడు. "ఇంటికెళ్లాక బీరువా అమ్మేస్తున్నా," అన్నాడు.

వదిన ఏడుస్తూ నవ్వింది. కాని ఎంతైనా రికార్డిస్టు. మనసు అప్పటికే బల్ల దగ్గరికి పరిగెత్తింది, వెనకాలే కాళ్లు కూడా.

పరుపుల గదిలో అందరూ ఇరుక్కున్నారు. కళ్లజోడు గారు, గువ్వ, భర్త, చప్పట్లు కొడుతూనే వచ్చిన మామగారు. అత్తగారు ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

"ఎర్ర దీపం ఒక్కసారే వెలిగింది. దించాను. అయ్యో అనలేదు," అంది.

వదిన ఆఖరి పాట వెనక్కి తిప్పి పెట్టింది. ముందుగా అత్తగారి గొంతు, ఠీవిగా, 'తలుపు పాట' అని. తర్వాత గిటారు. గువ్వ. ఒక చుట్టు, రెండో చుట్టు, ఆ తర్వాత తను. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, సిగ్గుపడకుండా వినగలిగింది. కళ్లజోడు గారు తల ఊపుతున్నారు. "ఇది చాలు. ఇది చాలమ్మా. ఇలాగే వేసేస్తాం."

గిటారు ఒక్కటే మోగే చోటు వచ్చింది. అక్కడ మూడో గొంతు వినిపించింది.

*దీపం కాస్త తగ్గించాను,*
*ఆర్పమన్నా ఆర్పలేదు.*

పెద్ద వయసు గొంతు. ఎక్కడా తడబాటు లేదు. శ్రుతి అంత ఖచ్చితంగా ఉంది, గిటారే దాని వెనకాల నడుస్తున్నట్టుంది. వదిన చెయ్యి మీట మీద ఆగిపోయింది. బొత్తం వైపు చూసింది. అది ఇంకా నొక్కి ఉంది.

"నొక్కాను, చెప్పాను," అంది అత్తగారు. "రెండోసారి నొక్కడం మర్చిపోయాను."

బీరువాలో జరిగిన తప్పే ఈ బల్ల మీద మళ్లీ జరిగింది. కోసేది లేదని టికెట్టు మీద అచ్చు వేయించిన గువ్వ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. నవ్వో ఏడుపో చెప్పడం కష్టం. "అమ్మా, ఆ మాటలు నేను రాయలేదు."

"ఆ ముక్క నాకూ రాదే," అన్నారు మామగారు తెల్లబోయి. "నేను పాడుకునేది పల్లవి వరకే."

"మీకెలా వస్తుందండీ," అంది అత్తగారు కప్పులో టీ పోస్తూ. "మీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను పాడుకుంటుంటే అద్దంలోంచి చూస్తూ విన్నారు. పల్లవి అయ్యేసరికి నా స్టాపు వచ్చింది. మీరు బ్రేకు వేశారు, నేను దిగిపోయాను."

మామగారు పరుపుల చుట్ట మీద మెల్లగా కూర్చున్నారు. ఇన్నేళ్లుగా తనదని చెప్పుకుంటున్న పాట తన పెళ్లానిదని తెలిసిన మనిషి మొహంలో ఉండాల్సిన నామోషీ ఆయన మొహంలో లేదు. అంతా విన్నాక మళ్లీ ప్రేమలో పడ్డవాడిలా ఉన్నారు.

కళ్లజోడు గారు కళ్లజోడు తీశారు. "అమ్మా, ఈ పాట ఎవరు రాశారు? ఇది మీకెక్కడిది?"

"ఎక్కడిదేంటి బాబూ, నేను పాడిన పాట. ఒకసారి రికార్డు కూడా అయింది, మీరు పుట్టకముందు. గొంతు నాది. పైన పేరు మాత్రం వేరే అమ్మాయిది." అత్తగారి మాటలో కోపం లేదు. ఏదో అల్లరి చేసి పట్టుబడడానికి సిద్ధంగా ఉన్న పిల్ల మొహంలా ఉంది ఆవిడ మొహం.

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో ఏమిటో," అన్నాడు కొడుకు.

అత్తగారు టీ కప్పు కోడలి చేతికిచ్చి అద్దం వైపు చూపించింది. హాలు ఖాళీ అవుతోంది. కుర్చీలు మడుస్తున్నారు. రెండో వరసలో తెల్లజుట్టు పెద్దావిడ మాత్రం కదలకుండా కూర్చుంది. చేతిసంచి తెరిచి, అందులోంచి పాతకాలపు గ్రామఫోను రికార్డు ఒకటి తీసి, రెండు చేతులతో పట్టుకుని ఈ అద్దం వైపే చూస్తోంది.

"టికెట్టు నేనే పంపాను," అంది అత్తగారు. "వస్తుందని అనుకోలేదు. వదినగారూ, ఇందాక మీకు భయం వేసింది కదా. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని మీరు దారి చూపించండి."

కోడల్ని ఆవిడ మీరు అనడం, వదినగారూ అనడం అదే మొదటిసారి. నవ్వుతూనే అంది. పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లగా ఉంది.